ఏమీ లేదన్న రిపోర్టు

మా నాన్న పోయిన రోజు నా కళ్ళలోంచి ఒక్క చుక్క రాలేదు.

ఆయన హార్బరులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసేవారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, వంట నేర్చుకుని, జడ వెయ్యడం నేర్చుకుని నన్ను పెంచిన మనిషి. వన్ టౌన్‌లో మా ఇల్లు ఇరుకు కాబట్టి ఆయన్ని వాకిట్లోనే చాప మీద పడుకోబెట్టారు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని గొంతు పూడుకుపోయేదాకా ఏడ్చాను. చెంపలు మాత్రం పొడిగానే ఉన్నాయి. ఏడ్చినకొద్దీ కళ్ళలో ఇసక పోసి రుద్దినట్టు మంట పుట్టింది తప్ప తడి పుట్టలేదు.

మా మేనత్త అది కనిపెట్టింది. పక్కనున్న ఆడవాళ్ళతో, నాకు వినపడేలాగే అంది.

"సూడండర్రా. గుండెల మీద పెంచినోడు పోతే కంట తడి నేదు. రాయి ఇది."

ఇంకొకావిడ వంగి నా చెవిలో, "కొంగు అడ్డం ఎట్టుకోయే, అందరూ సూత్తన్నారు" అంది.

"సూడనీ. నానేటి తప్పు సేసినానని కొంగు అడ్డం ఎట్టుకోవాలి?" అన్నాను. కొంగు నడుముకు దోపుకుని అలాగే కూర్చున్నాను, ఆయన్ని తీసుకెళ్ళేదాకా.

అది డెబ్బైల చివర. రాయి అన్న పేరు ఆ సందులో చాన్నాళ్ళు తిరిగింది.

నేనప్పటికి పెళ్ళయి మల్కాపురంలో ఉంటున్నాను. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవాడు. ఒక పాప. మా ఆయన తల్లి, మా అత్త, మాతోనే ఉండేది. రోజూ బస్సెక్కి మళ్ళీ వన్ టౌన్ వచ్చేదాన్ని. అక్కడ ఓడల ఏజెంట్ల ఆఫీసొకటి ఉండేది, అందులో టెలిఫోన్ ఆపరేటరుని. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, వచ్చిన ఫోను ఎవరిదో కనుక్కుని, బోర్డులో కార్డు, అంటే కొసన పిన్నున్న తీగ, గుచ్చి ఆ గదికి కలపడం నా పని. కలకత్తాకీ బొంబాయికీ ట్రంకు కాల్ బుక్ చెయ్యడం, లైను దొరికేదాకా ఎక్స్చేంజి వాళ్ళను వదలకుండా పట్టుకోవడం కూడా నా పనే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే నా జీతం.

ఆ మాటే నాకు కష్టమైపోయింది. నాలుగు మాటలు మాట్లాడేసరికి నాలుక అంగిట్లో అంటుకుపోయేది. పెదవులు పగిలేవి. బిస్కెట్టు నోట్లో పెట్టుకుంటే పిండి పిండిగా అక్కడే ఉండిపోయేది. ఇంట్లో ముద్ద ముద్దకీ నీళ్ళు తాగేదాన్ని. చారో పులుసో పారేలా పోసుకుంటే తప్ప అన్నం దిగేది కాదు.

"ఏటే పిల్లా, అన్నం తింతన్నావా, నీళ్ళు తింతన్నావా?" అనేది మా అత్త.

కళ్ళ సంగతికి మాత్రం ఎవరి దగ్గర చూసినా జవాబు సిద్ధంగా ఉండేది. వన్ టౌన్‌లో ఓడరేవు ఇనప ఖనిజం ఎర్రదుమ్ము. మల్కాపురంలో రిఫైనరీ గాలి. ఇంకేం కావాలి? నేనూ కొన్నాళ్ళు అదే అనుకున్నాను. కానీ ఆ దుమ్మూ గాలీ అందరికీ ఒకటే కదా. మా ఆయన రోజంతా ఆ ఖనిజం కుప్పల మీదే క్రేను తిప్పేవాడు. అతని కళ్ళు శుభ్రంగా ఉండేవి.

ఆఫీసులో బోర్డు దగ్గర నీళ్ళు పెట్టుకోకూడదని రూలు. ఒలికితే వైర్లు పాడవుతాయట. నాతోపాటు ఇంకో ఆపరేటరు ఉండేది, పాతూరిలో అత్తర్లు అమ్మే ముస్లిం కుటుంబం వాళ్ళమ్మాయి. నాకంటే పెద్దది, ఆపా అని పిలిచేదాన్ని. ఆపా నా కోసం బల్ల కింద, తన కాళ్ళ పక్కన స్టీలు చెంబు దాచేది. బోర్డు మీద ఫోన్ల లైట్లు వెలగని సమయం చూసి నేను వంగి ఒక గుక్క తాగేదాన్ని.

ఒకరోజు మేనేజరు నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఫోన్లో మాట్లాడుతూ ఏదో నములుతున్నారట. పార్టీలు కంప్లైంటు చేస్తున్నారు."

"నమలడం లేదండీ. నోట్లో తడి లేక నాలుక అంటుకుపోతోంది."

"ఎండాకాలం అందరికీ అంతేనమ్మా."

"నాకు డిసెంబరులో కూడా అంతేనండీ."

ఆయనకు కోపం వచ్చింది. బోర్డు మీంచి తీసేసి టపా పంపే గదిలో వేస్తానన్నాడు.

"వెయ్యండి. కానీ నీళ్ళు తాగినందుకు తీసేశానని ఇక్కడ అందరి ముందూ చెప్పి వెయ్యండి" అన్నాను. ఆపా బల్ల కింద నా కాలు తొక్కింది, ఇక ఆపమని. నేను ఆపలేదు. ఆయనే వెళ్ళిపోయాడు. నన్ను తీసెయ్యనూ లేదు, నీళ్ళకు ఒప్పుకోనూ లేదు.

తర్వాత పళ్ళు మొదలయ్యాయి. చిగుళ్ళ మొదట్లో ఒకదాని తర్వాత ఒకటి పుచ్చిపోయి విరిగిపోయేవి. రెండు పూటలా పళ్ళు తోముకునే మనిషిని. పళ్ళ డాక్టరు నన్ను అనుమానంగా చూసి, మిఠాయిలు బాగా తింటారా అని అడిగాడు. మిఠాయి మింగగలిగితే తినేదాన్నేమో. ఒకసారి చెవుల కింద రెండు వైపులా బూరెల్లా వాచిపోయింది. గవదబిళ్ళలని మా అత్త పసుపు పట్టు వేసింది. తగ్గింది. కొన్నాళ్ళకు మళ్ళీ వాచింది. గవదబిళ్ళలు అన్నిసార్లు వస్తాయా అంటే ఆవిడ మళ్ళీ పసుపే నూరింది.

మా ఆయన సెలవు పెట్టి ద్వారకా నగర్‌లో బాగా పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నా నాడి చూశాడు, నాలుక చూశాడు, మా నాన్న పోయిన సంగతి విన్నాడు. తర్వాత నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడాడు.

"దిగులండీ. ఆడవాళ్ళలో మామూలే. మనసులోంచి వస్తుంది. మాత్రలు రాస్తాను. ఇంకో బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది."

ఆ మాత్రలు వేసుకుంటే నిద్ర బాగా పట్టింది కానీ నోట్లో మిగిలిన కాస్త తడి కూడా పోయింది. మాత్ర మింగడానికే చెంబుడు నీళ్ళు కావాల్సి వచ్చేది. మళ్ళీ వెళ్ళి మిగతా మాత్రలు ఆయన బల్ల మీద పెట్టాను.

"పళ్ళు కూడా దిగులుతోనే పుచ్చుతాయా అండీ?"

ఆయన నవ్వాడు. చిన్నపిల్ల ఏదో అడిగితే నవ్వినట్టు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిస్తుంది.

ఎనభైల మధ్యలో పాతూరిలో ఒక కళ్ళ డాక్టరమ్మ కొత్తగా క్లినిక్కు పెట్టింది. ఆపా వాళ్ళ అమ్మకు శుక్లాలు చూపించడానికి వెళ్ళి, ఆవిడ ఓపికగా వింటోందని నన్నూ రమ్మంది. ఆ డాక్టరమ్మ నా కంటే చిన్నది. నేను చెప్పినదంతా మధ్యలో అడ్డు పడకుండా విన్నది. కళ్ళ గురించే కాదు, నోరు, పళ్ళు, చెవుల కింద వాపు, పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడం, అన్నీ తనే అడిగి చెప్పించుకుంది. అవన్నీ ఒకే జబ్బువని అంతకు ముందు ఎవరికీ తోచలేదు, నాతో సహా.

తర్వాత సన్నటి కాగితం ముక్కలు రెండు తీసి, కింది రెప్పల్లో ఒక్కొక్కటి తగిలించి కళ్ళు మూసుకోమంది. మంచి కంట్లో అయితే నీరు ఊరి, కాగితం తడిసి ఆ తడి కిందికి పాకుతుందట. కాసేపయ్యాక తీసి నాకు చూపించింది. రెండు కాగితాలూ కొసన కాస్త తడిసి అక్కడితో ఆగిపోయాయి.

"మీకు కన్నీళ్ళు లేవు. ఉండీ రాకపోవడం కాదు. ఊరడమే లేదు" అంది.

"ఇంకోసారి చెప్పండి" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. అయినా మళ్ళీ చెప్పింది. ఆ మాట మా మేనత్తకు వినపడేలా ఆ సందు మొదట్లో నిలబడి చెబితే బాగుండుననిపించింది.

జబ్బు సంగతి ఆవిడ విడమరిచి చెప్పింది. బయటినుంచి వచ్చే రోగక్రిములతో పోరాడటానికి మన రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. కొందరిలో అవి దారి తప్పి సొంత ఒంటి మీదే పడతాయి. ఒంట్లోని కాపుదల మొత్తం కన్నీటి గ్రంథుల్ని, లాలాజలం ఊరే గ్రంథుల్ని మెల్లగా తినేస్తుంది. ఆడవాళ్ళలోనే ఎక్కువ. అది అవునో కాదో తెలియాలంటే రక్తంలో అలాంటి యాంటీబాడీలున్నాయేమో చూడాలి. ఆ పరీక్ష రాసి, తెప్పించి, చూడగలిగిన పెద్ద డాక్టరు ఎవరంటే ఆవిడ ద్వారకా నగర్ ఆయన పేరే చెప్పింది.

వెళ్ళాను. ఆయన అయిష్టంగానే రక్తం తీయించి బయటి ఊరికి పంపించాడు. రిపోర్టు వచ్చాక మా ఇద్దర్నీ పిలిచి, కాగితం మా వైపు జరిపాడు.

"నెగెటివ్. చూశారా? మీకేమీ లేదు. నేను ముందే చెప్పాను."

బయటికొచ్చి బస్సు కాంప్లెక్సు దాకా నడిచాం. బస్సు కోసం నిలబడ్డాక మా ఆయన నెమ్మదిగా అన్నాడు.

"మరి ఏటీ నేదంతన్నారు గదా. ఇంకేటి సేద్దాం?"

"ఏటీ నేదని కాయితం సెప్తాది. నా నోరు సెప్తన్నది ఎవులింటారు?"

"నాను నీ మాట ఇంటన్నాను గదే. డాక్టర్లు ఇనాల గదా."

"అయితే ఇనే డాక్టరు కాడికి ఎల్దాం."

అతను తల పట్టుకున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. డ్యూటీ మార్చుకుని, సెలవులు పెట్టుకుని నా వెంట తిరుగుతున్న మనిషి. కానీ ఆ కాగితం ముందు తల వంచడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. ఒంట్లో నేనుంటున్నాను, కాగితం ఉండటం లేదు.

కళ్ళ డాక్టరమ్మ ఆ రిపోర్టును చాలాసేపు చూసింది. "ఇది తప్పని నేను అనను. చాలదని అంటాను" అంది. ఆవిడతో చదువుకున్నాయన ఒకరు మద్రాసులో ఇలాంటి జబ్బులే చూస్తున్నాడట. అక్కడ ఇదే రక్తాన్ని ఇంకో పద్ధతిలో పరీక్ష చేస్తారట. రక్తం ఐసులో పెట్టి రైల్లో పంపితే దారిలో పాడవుతుందేమోనని ఆలోచనలో పడింది.

"రక్తం ఎందుకండీ వెళ్ళడం? నేనే వెళ్తాను" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఒప్పుకోడానికి తటపటాయించాడు. ఏమీ లేదన్నాక అంత దూరం ఎందుకని. అత్త పొయ్యి దగ్గర చేపలు తోముతోంది. నేను ఎన్ని నీళ్ళు తాగుతానో రోజూ దెప్పే మనిషి. ఆవిడ కూడా వద్దంటుందనే అనుకున్నాను. తలెత్తకుండా కొడుకుతో అంది.

"ఒరే, దాని పక్కన కూకుని తింతన్నది నాను. ముద్ద మింగనేక కళ్ళు తేలేత్తాది. నాటకాలాడే పిల్ల అలా మింగదు. తీసుకెల్లు. పాపని నాను సూసుకుంటాను."

అంతే. మద్రాసు మెయిలెక్కాం.

మద్రాసు డాక్టరు నెల్లూరు వైపు ఆయన. కింది పెదవి లోపల మొద్దుబారే ఇంజెక్షను ఇచ్చి, అక్కడి లాలాజల గ్రంథుల్ని పరీక్ష చెయ్యడానికి బియ్యపు గింజంత ముక్కలు కొన్ని తీశాడు. రక్తం తీయించాడు. ఆ పాత రిపోర్టు చూపించి, ఇది ఏమీ లేదంటోంది, ఏమంటారు అని అడిగాను. ఆయన నా వైపు తిరిగి, నాతోనే మాట్లాడాడు.

"ఈ పరీక్ష ఎలా చేస్తారో తెలుసా అమ్మా? ఎలుక కాలేయాన్ని పల్చగా కోసి, దాని మీద మీ రక్తపు తేట వేసి చూస్తారు. మీ యాంటీబాడీ దాన్ని పట్టుకుంటే మెరుస్తుంది. కానీ ఈ జబ్బులో ఉండే ఒక రకం యాంటీబాడీ ఉంది, దానికి కావలసిన పదార్థం ఎలుక కాలేయంలో సరిగ్గా దొరకదు. అందుకని ఒక్కోసారి ఉన్నా కనపడదు."

"అంటే నా రక్తం మనుషుల్నే పట్టుకుంటుంది, ఎలకల్ని పట్టుకోదంటారు."

ఆయన పగలబడి నవ్వాడు. ఇది ఇంకో రకం నవ్వు.

"దాదాపు అంతే. మేం మనిషి ప్లీహం నుంచి తీసిన రసంతో చూస్తాం. గట్టిపడ్డ జెల్లీలో గుంటలు చేసి, ఒకదాంట్లో మీ రక్తపు తేట, పక్కదాంట్లో ఆ రసం పోస్తాం. రెండూ పాకి, ఒకదాన్నొకటి పట్టుకుంటే మధ్యలో తెల్లటి గీత వస్తుంది. రాకపోయినా జబ్బు లేదని నేను అనను. కంట్లో కాగితం, పెదవి ముక్క, రక్తం, మూడూ కలిపి చూస్తాను."

గీత రాకపోయినా నన్ను పంపెయ్యనని చెప్పిన మొదటి మనిషి ఆయన.

తిరిగొచ్చి పనిలో పడ్డాను. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, మేనేజరు కలకత్తా లైను అర్జంటుగా కావాలని నా నెత్తి మీద నిలబడి ఉన్నాడు. ఏదో ఓడ ఆలస్యమైందని గొడవ. సరిగ్గా అప్పుడే బోర్డు మీద బయటి లైను లైటు వెలిగింది. కార్డు గుచ్చాను. కళ్ళ డాక్టరమ్మ.

"మద్రాసు నుంచి ఇప్పుడే ఫోను వచ్చింది. గీత వచ్చిందమ్మా. ఒకటి కాదు, రెండు. ఈ జబ్బులో వెతికే యాంటీబాడీలు రెండూ ఉన్నాయి. పెదవి ముక్కలో కూడా గ్రంథులు పాడైనట్టు తెలిసింది."

"పాజిటివ్ అంటారా?"

"పాజిటివ్."

మేనేజరు నా భుజం పక్కనుంచి వేలు బోర్డు మీద పెట్టి, "కలకత్తా, కలకత్తా" అంటున్నాడు. నేను చెయ్యెత్తి ఆగమన్నాను.

"డాక్టరుగారితో మాట్లాడుతున్నానండీ. నాకు జబ్బుందట. కలకత్తా ఆగుతుంది."

ఆయన బోర్డు మీంచి వేలు తీసేశాడు. నేను డాక్టరమ్మను అడగాల్సినవన్నీ అడిగి, సాయంత్రం వస్తానని చెప్పి, అప్పుడు కలకత్తా బుక్ చేశాను. తర్వాత వంగి బల్ల కింద ఉన్న ఆపా చెంబు తీసి బోర్డు పక్కన, పైన, అందరికీ కనపడేలా పెట్టాను. మేనేజరు చూశాడు. దూరంగా వెళ్ళి, మళ్ళీ వచ్చి, "మూతున్నది పెట్టుకోండి" అని మాత్రం అన్నాడు. మర్నాడు మూతున్న సీసా తెచ్చుకున్నాను.

జబ్బుందని తెలిస్తే సంతోషించే మనిషి ఉంటుందా అని తర్వాత చాలామంది అడిగారు. ఉంటుంది. మీకేమీ లేదని ఏళ్ళ తరబడి విన్న మనిషి సంతోషిస్తుంది.

జబ్బు పోలేదు. పోదని ముందే చెప్పారు. కళ్ళలో గంట గంటకీ వేసుకునే చుక్కలు, పళ్ళకు జాగ్రత్తలు, వేళ్ళ నొప్పులకు మాత్రలు. ఆ దిగులు మాత్రల్లాంటివి మళ్ళీ ముట్టుకోవద్దన్నారు. ఇంకో సంగతి కూడా మద్రాసు డాక్టరు తర్వాత చెప్పించాడు. ఈ యాంటీబాడీలున్న తల్లి కడుపుతో ఉంటే, చాలా కొద్దిమందిలో అవి బిడ్డ గుండెకు హాని చేస్తాయట. కనవద్దని ఆయన అనలేదు, కావాలనుకుంటే ముందుగా వచ్చి చెప్పమన్నాడు. రెండో బిడ్డ ఎప్పుడని అడిగే జనం అప్పటికీ తగ్గలేదు. నేనూ మా ఆయనా కూర్చుని మాట్లాడుకున్నాం. పాప చాలనుకున్నాం. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను, కారణం చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

మా మేనత్తకు మాత్రం పనిగట్టుకుని వెళ్ళి చెప్పాను, కన్నీళ్ళు ఊరని జబ్బొకటుంటుందని, అది నాకుందని. విని, "రగతంలో రోగమైతే మనుసులకేటి తెలుస్తాది" అంది. తప్పయిందని అనలేదు. నేను అనిపించుకోడానికి వెళ్ళలేదు. తెలియాలని వెళ్ళాను, తెలిసింది.

ద్వారకా నగర్ డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. మా ఆయన వద్దన్నాడు, అయినా టోకెను తీసుకుని, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి, ఎలుక కాలేయం సంగతి నాకు అర్థమైనంత వరకూ చెప్పాను. ఆయన కొత్త కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఈ పరీక్ష మాకిక్కడ లేదండీ" అన్నాడు.

"లేదని నాకు చెప్పాల్సింది. నాకేమీ లేదని చెప్పారు" అన్నాను.

ఈసారి నవ్వలేదు. ఆ రిపోర్టు నకలు ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఉంచుకోమన్నాను.

ఆ తర్వాత నాలాంటి బాధతో ఎవరైనా వస్తే కళ్ళ డాక్టరమ్మ ఆఫీసుకు ఫోను చేసి, సాయంత్రం ఒకసారి రాగలరా అనేది. అలా ఒకసారి వెళితే, బెంచీ మీద చేపలమ్మే మనిషి ఒకామె కూర్చుని ఉంది. ఒడ్డు మీది జాలరిపేట వాళ్ళు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు పగిలి ఉన్నాయి. పక్కన మొగుడు విసుగ్గా నిలబడి ఉన్నాడు.

"ఉప్పుగాలికని అందరూ అంతన్నారమ్మా. రగతం సూపిత్తే ఏటీ నేదన్నారు. మా ఓడు కూడా ఇంక సాల్లే, ఇంటికి పోదాం అంతన్నాడు" అంది నాతో. మాట మధ్యలో ఆగి నాలుకతో పెదవులు తడుపుకోబోయింది. నాలుకా పొడిగానే ఉంది.

నా సంచీలోంచి సీసా తీసి ఇచ్చాను. తాగింది.

"నీ ఒళ్ళు నీకేటి సెప్తంది?" అని అడిగాను.

"ఏదో ఉందనే సెప్తంది."

"అయితే ఇంటికి పోకు" అన్నాను. వాళ్ళాయనకు పక్కన చోటు చూపించి, "నువ్వూ కూకో బావా. టైము పడతాది" అన్నాను. అతను కాసేపు అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. డాక్టరమ్మ లోపల్నుంచి పిలిచింది. ముగ్గురం లేచి లోపలికి వెళ్ళాం.